నరకం ఖాయం వాగు దాటి... నర్సమ్మ వచ్చింది!

అమెరికా అనగానే మనకు గుర్తొచ్చేవి కొన్నే. న్యూజెర్సీ, డల్లాస్, కాలిఫోర్నియా... పిల్లలు అక్కడున్న ఏ ఇంటికెళ్లినా గోడమీద కనిపించే నయాగరా ఫొటో. వెడల్పాటి రోడ్లు, పెద్దపెద్ద కార్లు, వాటికన్నా పెద్ద ఆసుపత్రులు. అలాంటి దేశంలో ఒకచోట, వందేళ్ల కిందట, ఇంట్లో భార్య నొప్పులు పడుతుంటే మొగుడు అర్ధరాత్రి లాంతరు పట్టుకుని సాయం కోసం వాగులు దాటుకుంటూ వెళ్లేవాడంటే నమ్మబుద్ధి కాదు. పాడేరు కొండల్లోనో, ఆదిలాబాద్ అడవుల్లోనో అంటే నమ్ముతాం. కానీ ఇది అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఆగ్నేయ మూలన కొండల మధ్య ఒదిగివున్న లెస్లీ కౌంటీ సంగతి.

కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే. జనాభా మాత్రం ఇప్పటికీ సుమారు పదివేలే. దానికి కేంద్రం హైడెన్. జిల్లా కేంద్రమన్న మాటేగానీ కొన్ని వందలమంది ఉండే చిన్న ఊరు. కొండల సందున ఒక వీధి, కోర్టు భవనం, నాలుగు దుకాణాలు... అంతే. అమెరికా అధ్యక్ష పదవికి రాజీనామా చేసి మొహం చాటేసిన రిచర్డ్ నిక్సన్, 1978లో మళ్లీ జనం ముందుకు రావడానికి ఎంచుకున్న ఊరు ఇదే. ఎవరూ పట్టించుకోని ఊరైతే మేలనుకున్నాడో ఏమో!

లెక్సింగ్టన్ నగరం నుంచి కారులో రెండు రెండున్నర గంటల ప్రయాణం. బయల్దేరిన కాసేపూ కళ్లకు పండగే. తెల్లని కంచెలు, పచ్చిక మైదానాలు, వాటిలో నిగనిగలాడే పందెపు గుర్రాలు. ఒక్కొక్కటీ కోట్ల ఖరీదు చేస్తుంది. తర్వాత నేల ముడతలు పడుతుంది. మైదానం పోయి గుట్టలు, గుట్టలు పోయి కొండలు. ఒక కొండకూ ఇంకో కొండకూ మధ్య ఇరుకు లోయ, లోయలో ఒక వాగు, వాగు పక్కన నాలుగిళ్లు. ఈ కొండల్లోనూ గుర్రాలకు పేరుంది. అయితే అవి పందేల్లో పరిగెత్తినవి కావు.

వాగుల పేర్లు వింటే చాలు, ఆ నేల ఎలాంటిదో తెలిసిపోతుంది. ఒకదాని పేరు కట్‌షిన్... మోకాలి కింద ఎముకను కోసేసేదని అర్థం. ఇంకోదాని పేరు హెల్ ఫర్ సర్టెన్. తెలుగులో చెప్పాలంటే ‘నరకం ఖాయం’ వాగు! సరదాకి పెట్టుకున్నా ఆ పేర్ల వెనక అనుభవం ఉంది. 1925 నాటికి లెస్లీ కౌంటీలో రైలు లేదు. గట్టి రోడ్డన్నది లేదు. వాగే దారి. నీళ్లు తక్కువున్నప్పుడు గుర్రాలూ కంచరగాడిదలూ వాగు గర్భంలోనే నడిచేవి. వాన పడితే దారి మునిగిపోయేది. పదివేలమంది జనానికి ప్రభుత్వ లైసెన్సున్న డాక్టరు ఒక్కరూ లేరు. ఎందుకుంటారు? మొక్కజొన్న చేలూ, కోళ్లూ, పందులే ఆస్తిగా బతికేవాళ్ల దగ్గర ఫీజెక్కడి నుంచి వస్తుంది?

ఉపాధ్యక్షుడి మనవరాలు

అలాంటి చోటికి గుర్రమెక్కి వచ్చింది మేరీ బ్రెకిన్‌రిడ్జ్. ఆవిడది సామాన్య కుటుంబం కాదు. తాత జాన్ బ్రెకిన్‌రిడ్జ్ 1857 నుంచి 1861 దాకా అమెరికా ఉపాధ్యక్షుడు. తండ్రి రష్యాలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. 1881లో పుట్టిన మేరీ రాజధానుల్లో, దొరసానుల బడుల్లో పెరిగింది. ఇరవై అయిదేళ్లకే మొదటి భర్త చనిపోయాడు. తర్వాత న్యూయార్క్‌లో నర్సింగ్ చదివి 1910లో పట్టా తీసుకుంది. మళ్లీ పెళ్లి చేసుకుంది. నెలలు నిండకుండా పుట్టిన కూతురు గంటల్లోనే కన్నుమూసింది. కొడుకు 1918లో, నాలుగేళ్ల వయసులో పోయాడు. ఆ పెళ్లీ నిలవలేదు.

ఉపాధ్యక్షుడి మనవరాలికే ఇద్దరు బిడ్డలు దక్కలేదు. మరి దిక్కూ మొక్కూ లేని తల్లుల మాటేమిటి? మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో శిథిలమైన పల్లెల్లో పసివాళ్లకు పాలూ వైద్యమూ అందించే పనిలో చేరింది మేరీ. అక్కడే ఆమె ఒక కొత్త సంగతి చూసింది. బ్రిటన్ నుంచి వచ్చిన నర్సుల్లో కొందరు కాన్పులు చేయడంలోనూ శిక్షణ పొందినవాళ్లు. అమెరికాలో అప్పటికి నర్సు వేరు, మంత్రసాని వేరు. నర్సు డాక్టరు పక్కన నిలబడేది. మంత్రసాని ఏ చదువూ లేకుండా చేతి అలవాటుతో పురుడు పోసేది. రెండు పనులూ తెలిసిన ఒక్క మనిషి ఊళ్లో ఉంటే సగం ప్రాణాలు నిలబడతాయి కదా అనిపించిందామెకు.

1923 వేసవిలో కెంటకీ కొండల్లో సర్వేకి బయల్దేరింది. పదమూడు గుర్రాలు మారాయి, మూడు కంచరగాడిదలు మారాయి. ఆరువందల మైళ్లకు పైగా తిరిగి 53 మంది మంత్రసానులతో మాట్లాడింది. చాలామంది అరవై దాటినవాళ్లే. ఆ కొండల్లో ఒక ఆచారం ఉండేది. నొప్పులు ‘తెగడానికి’ మంచం కింద గొడ్డలి పెట్టేవారు. బాలింత తలగడ కింద ఇనపముక్క పెట్టే ఇళ్లు మనకూ తెలుసు కాబట్టి నవ్వడానికేమీ లేదు. మేరీ మాత్రం తన నివేదికలో ఆ ముసలమ్మలను కాస్త కఠినంగానే చూసింది. పిలిచిన రాత్రి లేచి, మంచులో నడిచివెళ్లి, ఒక్కోసారి ఏమీ పుచ్చుకోకుండా పురుడు పోసి వచ్చినవాళ్లు వాళ్లే. తర్వాత్తర్వాత నర్సులు వచ్చాక వాళ్ల పని పోయింది. వాళ్ల పేర్లూ పోయాయి.

నమూనా స్కాట్లండ్‌ది

అమెరికాలో కాన్పుల చదువు చెప్పే బడి ఆమెకు నచ్చినట్టుగా దొరకలేదు. నలభై దాటిన వయసులో లండన్ వెళ్లి, వూలిచ్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో విద్యార్థినిగా చేరింది. పరీక్ష పాసయ్యాక 1924లో స్కాట్లండ్ చూడ్డానికి వెళ్లింది. అసలు మలుపు అక్కడుంది.

స్కాట్లండ్ ఉత్తరాన కొండలు, సముద్రంలో విసిరేసినట్టుండే దీవులు. అక్కడా అంతే, జనం ఫీజులు ఇవ్వలేరు, డాక్టర్లు ఉండలేరు. పేదలు పుట్టిన చోట వైద్యం వ్యాపారంగా నడవదని బ్రిటిష్ ప్రభుత్వానికి అర్థమై, 1913లో ఆ ప్రాంతం కోసమే ఒక వైద్యసేవను ఏర్పాటు చేసింది. డాక్టరుకు ఆదాయంలో లోటును సర్కారు భరిస్తుంది. నర్సుకు ఇల్లూ, తిరగడానికి ఏర్పాటూ చూస్తుంది. రోగి ఎంత దూరాన ఉన్నా ఫీజు పెరగదు. బ్రిటన్‌లో అందరికీ ఉచితవైద్యం 1948లో వచ్చింది. దానికి ముప్ఫై అయిదేళ్ల ముందే ఈ మారుమూల దీవులు ఆ రుచి చూశాయి. ఆ సేవకు రూపమిచ్చినవారిలో ఒకరైన సర్ లెస్లీ మెకంజీని మేరీ కలిసింది. ఊరూరూ తిరిగింది. నోట్సు రాసుకుంది. ఇంటికొచ్చింది.

1925 మే 28న కెంటకీలో తల్లీబిడ్డల సంఘం మొదలైంది. 1928లో దాని పేరు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్‌గా మారింది. ఆ ఏడాది జూన్‌లో హైడెన్ కొండమీద కట్టిన చిన్న ఆసుపత్రి ప్రారంభానికి మెకంజీగారే స్కాట్లండ్ నుంచి సముద్రం దాటి వచ్చారు. లెస్లీ అన్న పేరున్న దొర లెస్లీ కౌంటీకి రావడం కాకతాళీయమేగానీ, బాగా కుదిరింది.

జీను మీద ఆసుపత్రి

మేరీ పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. నర్సు రోగి దగ్గరకు రావడం కాదు, రోగి ఉన్నచోటే కాపురముండాలి. ఏడువందల చదరపు మైళ్ల కొండ ప్రాంతంలో 1930 నాటికి ఆరు చోట్ల నర్సుల కేంద్రాలు వెలిశాయి. ఒక్కో కేంద్రంలో ఇద్దరేసి నర్సులు. తమ ఇంటి నుంచి అయిదు మైళ్ల వలయంలో ఉన్న ప్రతి గడపా వాళ్ల బాధ్యత. అంతకన్నా దూరమైతే నొప్పులు మొదలయ్యాక గుర్రం చేరుకోలేదని లెక్క.

నీలిబూడిద రంగు కోటు, స్వారీ పంట్లాము, పొడుగు బూట్లు... అప్పట్లో ఆడవాళ్లు పంట్లాం వేసుకోవడమే వింత. జీనుకు రెండువైపులా తోలు సంచులు. రోజూ తిరగడానికి ఒక జత, కాన్పులకు విడిగా ఇంకో జత. కాన్పు సంచి మోసేసరికి గుర్రానికే ఆయాసం. దుప్పట్లు, చేతి తొడుగులు, మందులు, బొడ్డు కోసే కత్తెర, పసిగుడ్డు బట్టలు... అందులో లేనిది లేదు. నాన్న నర్సు దాకా రాగలిగితే, నర్సు అమ్మ దాకా వెళ్లి తీరుతుందన్నది వాళ్ల కట్టుబాటు. వాగు పొంగినా సరే, మంచు కురిసినా సరే.

కాన్పులే కాదు. గర్భిణిని తొలి నెలల నుంచే చూడటం, కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికెళ్లి చూసిరావడం, టైఫాయిడ్‌కూ డిఫ్తీరియాకూ టీకాలు, బావినీళ్లు శుభ్రంగా ఉంచుకోవడం, పిల్లల కడుపులో నులిపురుగులు... ఒక్క నర్సమ్మ చేతిమీదుగా నడిచిన పనులివి. డాక్టరు మైళ్ల దూరాన ఉంటే మందెవరు రాసివ్వాలి? ఇక్కడే మేరీ తెలివి పనిచేసింది. లెక్సింగ్టన్ డాక్టర్లతో ఒక సలహా కమిటీ వేసి, ఏ లక్షణానికి నర్సు ఏం చేయొచ్చో, ఏ మందివ్వొచ్చో, ఎప్పుడు కచ్చితంగా డాక్టరును పిలవాలో ముందే రాయించి పెట్టింది. ‘రొటీన్స్’ అని పిలిచే ఆ చిన్న పుస్తకం ప్రతి నర్సు సంచిలోనూ ఉండేది. గుర్రాలూ బూట్లూ ఫొటోల్లో బాగుంటాయిగానీ, ప్రాణాలు నిలబెట్టింది ఈ పుస్తకమే అనిపిస్తుంది. నర్సుకు నిర్ణయించే అధికారం లేకపోతే ఎంత మంచి గుర్రమిచ్చినా ఏం లాభం?

కొండజనంతో నెగ్గుకురావడం తేలిక కాదు. మన సీమ కక్షల్లాగే అక్కడా తరతరాల వంశవైరాలు. నాటుసారా బట్టీలు సరేసరి. కొత్త మనిషి కనిపిస్తే ఎక్సైజు వాడేమోనని అనుమానం. అందుకే నర్సులకు గట్టి నియమం ఉండేది. మతం, రాజకీయం, సారా... ఈ మూడింటి ఊసెత్తకూడదు. చూసినా చూడనట్టే. దానికి ఫలం దక్కింది. ఏ ముఠా మనిషి ఇంటికైనా నర్సు గుర్రం నిశ్చింతగా వెళ్లేది.

ఫీజు? కుటుంబానికి ఏడాదికి ఒక డాలరు. కాన్పుకు ముందు, తర్వాత చూడటంతో కలిపి పురుడుకు అయిదు డాలర్లు. అదీ లేనివాళ్లు కోడినో, గుర్రానికి గడ్డినో ఇచ్చేవారు. లేదంటే కేంద్రం కంచె బాగుచేసి వెళ్లేవారు. దానం తీసుకున్నామన్న చిన్నతనం వాళ్లకు ఉండకూడదన్నది మేరీ పట్టుదల.

నర్సు చేతిలో పని కానప్పుడు? చుట్టుపక్కల మగవాళ్లంతా చేరేవాళ్లు. మంచం లాంటి దానిమీద రోగిని పడుకోబెట్టి, మార్చిమార్చి భుజానికెత్తుకుని, కొండలెక్కి దిగుతూ హైడెన్ ఆసుపత్రికి మోసుకెళ్లేవాళ్లు. పేరు వేరుగానీ, అది మనకు తెలిసిన డోలీయే.

బీమా కంపెనీ వేసిన లెక్క

మంచిపని చేస్తున్నామని ఎవరైనా చెప్పుకుంటారు. మేరీ అక్కడితో ఆగలేదు. ప్రతి కాన్పునూ కాగితం మీద పెట్టించింది. మొదటి వెయ్యి కాన్పుల రికార్డులను మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ తన సిబ్బందితో లెక్క కట్టించాడు. చావుల లెక్క తప్పితే నష్టపోయే కంపెనీ కాబట్టి మొహమాటానికి మార్కులు వేసే అవకాశం లేదు. 1932లో ఫలితం తేలింది. వెయ్యి కాన్పుల్లో, కాన్పు కారణంగా నేరుగా చనిపోయిన తల్లి ఒక్కరూ లేరు. గుండెజబ్బుతో ఒకరు, మూత్రపిండాల జబ్బుతో ఒకరు పోయారు. ఆ రోజుల్లో అమెరికా మొత్తంమీద వెయ్యి కాన్పులకు ఆరుగురికి పైగా తల్లులు చనిపోతున్నారు. ఇలాంటి సేవే దేశమంతటా ఉంటే ఏటా పదివేలమంది తల్లులు బతుకుతారని డబ్లిన్ రాశాడు.

దేశంలోకెల్లా పేద కొండల్లో, కరెంటు లేని గుడిసెల్లో కాన్పులు నగరాల ఆసుపత్రుల కన్నా క్షేమంగా జరిగాయి! మరి దేశం ఆ దారి పట్టిందా? లేదు. తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్రం నిధులిచ్చే చట్టమొకటి 1921లో వచ్చింది. డాక్టర్ల సంఘం వ్యతిరేకించింది. 1929లో ఆ చట్టం అటకెక్కింది. కాన్పు క్రమంగా ఆసుపత్రుల చేతికీ, డాక్టర్ల చేతికీ వెళ్లింది. హైడెన్ నర్సులు ఒక ముచ్చటైన కథగా మిగిలారు. 1931లో ‘ది ఫర్‌గాటెన్ ఫ్రాంటియర్’ అని వాళ్లమీద సినిమా తీశారు. బోస్టన్, న్యూయార్క్ ధనిక కుటుంబాల ఆడపిల్లలు గుర్రాలకు మాలిష్ చేయడానికి స్వచ్ఛందంగా వచ్చేవారు. సర్కారు ఇవ్వాల్సిన డబ్బును మేరీ ఊరూరా ఉపన్యాసాలిచ్చి చందాలుగా పోగేసింది. 1929 ఆర్థిక పతనంతో చందాలు తగ్గితే జీతాలకు కోత పడింది. 1931లో గుర్రం మీంచి పడి ఆమె వెన్నెముక విరిగింది. అయినా ఊరుకోలేదు.

ఇంకో సంగతీ చెప్పుకోవాలి. చందాల కోసం ఆవిడ వాడిన వాదనల్లో ఒకటి... ఈ కొండజనం ‘స్వచ్ఛమైన’ ఆంగ్లో శాక్సన్ రక్తమని, వాళ్లను కాపాడుకోవాలని. నల్లజాతి నర్సులకు తన సంస్థలో చోటివ్వలేదు. అందరికీ వైద్యం అందాలన్న మనిషికి ‘అందరూ’ అన్న మాట అంతవరకే అందింది. ఆమె మొదలుపెట్టిన విద్యాసంస్థే ఇటీవలి కాలంలో ఈ మచ్చను బాహాటంగా ఒప్పుకుంది.

మన కొండల్లో...

హైడెన్ కథ చదివితే తెలుగువారికి తమ ఏజెన్సీ గుర్తురాకమానదు. మన లెక్క ప్రకారం మైదానంలో అయిదువేలమందికి, గిరిజన ప్రాంతంలో మూడువేలమందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. కొండల్లో దూరం ఎక్కువ కాబట్టి తక్కువమందికే ఒక కేంద్రం... మేరీ గీసిన అయిదు మైళ్ల వలయం వెనకున్న ఆలోచనే ఇది. ఐస్ ప్యాకులు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని, చెప్పులు చేతపట్టుకుని గెడ్డ దాటే ఏఎన్‌ఎమ్మలు మనకు కొత్త కాదు. వాళ్లమీద ఎవరూ సినిమా తీయలేదు. 2005లో ఆశా కార్యకర్తలు, 108 వాహనాలు వచ్చాయి. 2018లో కేంద్రం ఉపకేంద్రాల్లో నర్సింగ్ చదివిన ఆరోగ్యాధికారులను పెట్టి, కొన్ని జబ్బులకు వాళ్లే మందులిచ్చే ఏర్పాటు చేసింది. ‘రొటీన్స్’ పుస్తకం తొంభై ఏళ్ల తర్వాత మన దాకా వచ్చిందన్నమాట. అదే ఏడాది కాన్పులు చేసే నర్సులను ప్రత్యేకంగా తయారుచేసేందుకు మార్గదర్శకాలూ వచ్చాయి. తెలంగాణ అంతకు ముందే, 2017లో, ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది.

అయినా, వానాకాలం వస్తే గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో పేపర్లో కనిపిస్తూనే ఉంది. ఉపకేంద్రం ఉంటుంది, అందులో నర్సు ఉండటానికి ఇల్లుండదు. ఇల్లుంటే నీళ్లుండవు. ఆమెకూ పిల్లలుంటారు, వాళ్లకు బడి కావాలి కదా! చివరికి ఆమె మండల కేంద్రంలో కాపురముండి, వారానికోసారి కొండెక్కుతుంది. ఆమెను తిట్టి లాభం లేదు. మేరీ ఊళ్లో ముందు కట్టించింది నర్సులుండే ఇళ్లు. గుర్రపుశాల, పాలకోసం ఆవు దగ్గర్నుంచీ అన్నీ చూసుకున్నాకే అయిదు మైళ్ల బాధ్యత అప్పగించింది.

గుర్రాలు వెళ్లిపోయాక

హైడెన్‌కు నాలుగు మైళ్ల దూరంలో, కెంటకీ నది పాయ ఒడ్డున వెండోవర్ ఉంది. కొండవాలులో పెద్దపెద్ద దుంగలతో 1925లో కట్టిన ఇల్లది. మేరీ నివాసం, సంస్థ ఆఫీసు, అతిథిగృహం అన్నీ అదే. 1965లో ఆమె కన్నుమూసిందీ అక్కడే. 1991లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 1998లో ఆమె బొమ్మతో 77 సెంట్ల తపాలా బిళ్ల వచ్చింది.

1940ల్లో జీపులు వచ్చాయి, గుర్రాలు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. బక్‌హార్న్ దగ్గర కట్టిన ఆనకట్ట నీళ్లలో కొన్ని పల్లెలు కలిసిపోయాయి. 1975లో హైడెన్‌లో కొత్త ఆసుపత్రి మేరీ పేరుతోనే తెరుచుకుంది. 2011లో అది ఆ ప్రాంతంలో ఆసుపత్రులు నడిపే ఒక పెద్ద సంస్థ చేతికి వెళ్లింది. రోడ్లు బాగున్నాయి. బొగ్గుగనులు మాత్రం చాలావరకు మూతపడ్డాయి. కుర్రాళ్లు పని వెతుక్కుంటూ వెళ్లిపోతున్నారు. మరో విచిత్రం... అమెరికా పల్లె ఆసుపత్రుల్లో ప్రసూతి వార్డులు ఖర్చు గిట్టక ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. నిండుగర్భిణులు మళ్లీ గంటల కొద్దీ ప్రయాణం చేయాల్సివస్తోంది. ఈసారి కారులో.

1939లో యుద్ధం మొదలై ఇంగ్లిష్ నర్సులు స్వదేశం వెళ్లిపోతే, ఆ కొరత తీర్చుకోవడానికి మేరీ హైడెన్‌లోనే ఒక చిన్న బడి పెట్టింది. అదే ఇప్పుడు ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ. దాని ప్రధాన కేంద్రం లెక్సింగ్టన్ దగ్గరున్న వెర్సైల్స్‌కు మారింది. 1989లో వాళ్లు ఒక పద్ధతి మొదలుపెట్టారు. కాన్పుల చదువు కోసం నర్సు తన ఊరు వదిలి రానక్కర్లేదు. కొద్దిరోజులు కెంటకీ వచ్చి వెళ్తే చాలు. మిగతా చదువంతా ఇంటి దగ్గరే, శిక్షణ తమ ప్రాంతంలోని ఆసుపత్రుల్లోనే. చదువుకని పట్నం వెళ్లిన నర్సు మళ్లీ పల్లెకు రాదని వాళ్లకు అప్పటికే తెలుసు.